శ్రీకాళహస్తీశ్వర శతకము: మోహభంగ స్వరూపము

ధూర్జటి రచించిన శ్రీకాళహస్తీశ్వర శతకమును వైరాగ్యప్రధానమైన కృతిగా పరిగణించుట పరిపాటి. అందు రాజనింద మిక్కుటముగా ఉండుటచే, ఆదరణ లభింపని కవి ఆక్రోశముగా భావించుటకును వీలు కలదు. ఈ రెండును శతక హృదయమును పూర్తిగా పట్టియిచ్చునవి కావని మా తలంపు.

ఆశాభంగము వేరు, మోహభంగము వేరు. కోరినది దక్కనప్పుడు కలుగునది మొదటిది. దక్కిన పిదప అందు సారము లేదని తెలిసినప్పుడు కలుగునది రెండవది. రాజులను మత్తులనియు, వారి సేవను నరకప్రాయమనియు వర్ణించిన సుప్రసిద్ధ పద్యమును పరిశీలింతము. కాంతలు, పల్లకీలు, గుఱ్ఱములు, భూషణములు అని రాజులిచ్చువానిని కవి పేర్కొని, అవి మనోవ్యథకు బీజములనినాడు. పిమ్మట వానిపై అపేక్ష చాలుననియు, తాను పరితృప్తి నొందితిననియు పలికినాడు. ఈ 'పరితృప్తి' యన్న మాటయే మాకు ముఖ్యము. లేమిచే అలమటించినవాడు ఇట్లు పలుకడు. ఇది అనుభవించి విసిగినవాని పలుకు.

ఇంతమాత్రమున శతకమును ఆత్మచరిత్రగా గ్రహింపరాదు. ధూర్జటి శ్రీకృష్ణదేవరాయల (1509-1529) ఆస్థానకవి యని ప్రతీతి. కాని ఈ పద్యములందలి నింద రాజులందరిని ఉద్దేశించినదే గాని, ఒక ప్రభువును గుఱించిన సాక్ష్యము కాదు.

అట్లైన దీనిని వైరాగ్యమనవచ్చునా? విరాగికి రాజు పొగడదగినవాడును కాడు, తిట్టదగినవాడును కాడు. ధూర్జటికి కోపము చల్లారలేదు. మోహము తెగినది; అది చేసిన గాయము మానలేదు. ఆ కోపమును ఆతడు రాజునకు గాక మకుటముఖమున దైవమునకు విన్నవించుట గమనింపదగినది. రాజును సంబోధింపవలసిన ఆస్థానకవి వాక్కు ఇచ్చట శ్రోతను మార్చుకొన్నది.

ఆ మార్పు ఎచ్చటికి దారితీసెనో మఱియొక పద్యము తెలుపుచున్నది. సాలెపురుగు ఏ వేదము చదివినది, పాము ఏ శాస్త్రము నేర్చినది అని కవి ప్రశ్నించును. ఏనుగును, చెంచును ఆ వరుసలోనే నిలుపును. కాళహస్తిమాహాత్మ్యమున తిన్నని ముగ్ధభక్తిని కీర్తించిన కవియే ఈతడు. తిన్నడు భ్రమపడియు ఎఱుగడు, భ్రమ వీడియు ఎఱుగడు. చదువును కొలువును చవిచూచిన ధూర్జటికి ఆ ముగ్ధత సహజముగా లభింపదు. దానిని ఆతడు యాచింపవలసినదే. శతకమందలి ఆర్తికి మూలమిదియే యని మేము భావించుచున్నాము. కావున దీనిని సిద్ధించిన వైరాగ్యముగా గాక, వైరాగ్యమును కోరు మనస్సు పడిన వేదనగా పఠించుట సమంజసము.