సామెతల గ్రంథంలో 'గర్వం': అంతరంగ దోషమా? సామాజిక చర్యా? - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

బైబిలులోని సామెతల గ్రంథాన్ని తెలుగు నీతిశతకాలతో పోల్చిన పరిశీలనలు సాధారణంగా 'రెండూ గర్వాన్ని ఖండించాయి, వినయాన్ని ప్రబోధించాయి' అన్న నిర్ణయం దగ్గర ఆగిపోతున్నాయి. ఈ గ్రంథంలో గర్వం ప్రస్తావనకు వచ్చిన చోట్ల దాని ఇరుగుపొరుగు వాక్యాలు ఏమిటి, హీబ్రూ పదాలకు తెలుగు అనువాదం ఎంచుకున్న పదాలు అర్థాన్ని ఏ వైపు మళ్లించాయి అన్న అంశాలను ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: సామెతల గ్రంథం, గర్వం, దీనుడు, యథార్థత, నీతిశతకం, అనువాదం, తులనాత్మక పద్ధతి.

1. ప్రవేశిక:

తులనాత్మక పరిశోధనలో మనకు బాగా అలవాటైన పద్ధతి ఒకటుంది. ఒక వైపు ఒక పద్యం, మరొక వైపు దానికి సరిపోయే వాక్యం పెట్టి 'భావసామ్యం గమనించదగినది' అని ముగించడం. ఎం.ఏ. విద్యార్థిగా ఈ వ్యాసకర్త రాసిన తొలి సెమినార్ పత్రం కూడా ఆ కోవలోదే. భర్తృహరి సుభాషితాన్ని, సామెతల గ్రంథాన్ని పక్కపక్కన పేర్చి పన్నెండు పోలికలు చూపి సంతృప్తి చెందడం జరిగింది. ఆ పోలికల్లో ఒక్కటీ తప్పు కాదు. అయితే వాటివల్ల రెండు గ్రంథాల్లో దేని గురించీ కొత్తగా తెలిసింది లేదు. వాక్యాన్ని దాని సందర్భం నుంచి పెరికి తెచ్చినప్పుడు పోలిక సులభమవుతుంది. సామెతల గ్రంథంలో గర్వాన్ని గురించిన వాక్యాల విషయంలో ఈ పెరికివేత ఎక్కువ నష్టం చేసింది.

2. మాషాల్ - సామెత - నీతిపద్యం:

ఈ గ్రంథానికి హీబ్రూలో ఉన్న పేరుకు మూలపదం 'మాషాల్'. పోలిక అన్న అర్థం ఈ పదానికి ఉంది. తెలుగులో సామెత 'సామ్యత' నుంచి వచ్చిందన్న వ్యుత్పత్తి ప్రసిద్ధమే. ఆ విధంగా అనువాదకులు పెట్టిన పేరు చక్కగా అమరింది. కాని ప్రక్రియ దృష్ట్యా ఇవి మన సామెతల వంటివి కావు. మన సామెత నోటిమాట. కర్త లేడు, సందర్భం వచ్చినప్పుడే దానికి ప్రాణం. ఇవి రెండు పాదాలుగా చెక్కిన లిఖిత వాక్యాలు. సొలొమోను పేరుతో ఉన్నవి, 25వ అధ్యాయంలో హిజ్కియా రాజు మనుషులు ఎత్తి రాసినవి, అగూరు మాటలు, లెమూయేలుకు తల్లి చెప్పినవి ఇలా పలు సంకలనాల కూర్పు ఇది. 22వ అధ్యాయం 17వ వచనం నుంచి సాగే భాగానికి, ప్రాచీన ఈజిప్టులోని అమెనెమోపే బోధకు దగ్గరి సంబంధం ఉందని 1924లో ఎర్మన్ చూపిన తర్వాత దీన్ని పశ్చిమాసియా నీతి వాఙ్మయంలో భాగంగా చదవడం స్థిరపడింది. కాబట్టి దీన్ని పోల్చవలసింది సామెతతో కాదు, నీతిపద్యంతో. మొదటి తొమ్మిది అధ్యాయాల్లో కుమారుణ్ణి సంబోధిస్తూ సాగే తీరు సుమతీ శతకకర్త సంబోధనకు దగ్గరగా ఉంటుంది.

అయితే శతకపద్యం ముక్తకం. మకుటం దాన్ని పూర్తిగా మూసివేస్తుంది. సామెతల గ్రంథంలోని వాక్యానికి మకుటం లేదు; అది పక్క వాక్యం వైపు తెరుచుకొని ఉంటుంది. సంకలనకర్తలు వాక్యాలను ఏ క్రమంలో ఉంచారన్నది కూడా అర్థంలో భాగమే అన్న గమనిక ఈ పరిశీలనకు ఆధారం.

3. పదాల మాట:

16వ అధ్యాయం 18వ వచనం లోకప్రసిద్ధమైనది; పతనానికి ముందు గర్వం నడుస్తుందన్న భావం దానిది. అక్కడ హీబ్రూలో ఉన్నవి 'గాఓన్', 'గోబహ్ రూఆహ్' అన్న మాటలు. మొదటిది పైకి లేవడం అన్న ధాతువు నుంచి వచ్చింది. రెండవది అక్షరాలా 'ఆత్మ ఎత్తు'. రెండూ కంటికి కనబడే ఎత్తును చెప్పేవే. అంత ఎత్తున ఉన్నది కాబట్టే పతనం అన్న మాట అక్కడ అతికింది. తెలుగులో ఇవి 'గర్వము', 'అహంకారము' అయ్యాయి. అహంకారం మనకు సాంఖ్య వేదాంతాలు నూరిపోసిన పదం. దాన్ని వినగానే పాఠకుని చూపు 'నేను' అనే లోపలి భావన మీదికి వెళుతుంది. ఎత్తు పోయింది, అంతరంగం వచ్చింది.

6వ అధ్యాయంలో దేవునికి అసహ్యమైన ఏడింటిలో మొదటిది హీబ్రూలో 'ఎత్తైన కళ్ళు'. తెలుగులో అది 'అహంకారదృష్టి'. కళ్ళు నెత్తికెక్కడం అన్న నుడికారం తెలుగువాడి నోట ఉండగా ఈ సమాసం ఎందుకు కల్పించవలసి వచ్చిందో అనిపిస్తుంది. 30వ అధ్యాయంలోని అగూరు మాటల దగ్గర మాత్రం అనువాదం ఆ నుడికారాన్నే ఆశ్రయించింది. ఆ ఒక్కచోట వాక్యం ఊళ్ళో ఎవరో అన్నట్టు వినబడుతుంది.

'యథార్థత' విషయం కూడా ఇంతే. మూలంలోని 'యాషార్' అంటే వంకర లేనిది. దారికీ వాడతారు, నడతకూ వాడతారు. మన 'తిన్నని' అన్న మాటకు సరిగ్గా ఈ రెండు అర్థాలూ ఉన్నాయి. యథార్థవంతుడు అనగానే నిజం చెప్పేవాడు స్ఫురిస్తాడు; తిన్నగా నడిచేవాడు స్ఫురించడు. నడక, దారి, అడుగు, కాలుజారడం అనే చిత్రాలతో నిండిన గ్రంథంలో ఇది చిన్న నష్టం కాదు.

అనువాదంలో పోయినవే చెప్పడం న్యాయం కాదు. ఒకచోట తెలుగు అనువాదం మూలంలోని చిక్కును అనుకోకుండానే కాపాడింది. 16:19లోను, 3:34లోను హీబ్రూ ప్రతుల్లో రాసి ఉన్న పాఠం 'పేదలు' అన్న అర్థమిచ్చేది. చదవవలసిన పాఠంగా సంప్రదాయం సూచించినది 'వినయవంతులు' అన్న అర్థమిచ్చేది. ఈ రెండు పదాలకూ తేడా ఒక్క అక్షరం. ఏదో ఒకటి ఎంచుకోక తప్పని భాషలు చాలా ఉన్నాయి. తెలుగులో 'దీనుడు' అన్నారు. దీనుడంటే గతిలేనివాడూ, అణకువగలవాడూ కూడా. లేఖకుల సందిగ్ధత ఒక్క మాటలో ఇమిడిపోయింది.

3:34కు మరొక చరిత్ర ఉంది. హీబ్రూలో అక్కడున్నవారు 'అపహాసకులు', అంటే ఎదుటివారిని ఎగతాళి చేసేవారు. గ్రీకు అనువాదంలో వారు 'గర్విష్ఠులు' అయ్యారు. కొత్త నిబంధనలో యాకోబు పత్రిక, పేతురు మొదటి పత్రిక ఉదాహరించింది ఆ గ్రీకు పాఠాన్ని. ఫలితంగా తెలుగు బైబిలులో ఒకే వాక్యం పాత నిబంధనలో అపహాసకుల గురించి, కొత్త నిబంధనలో అహంకారుల గురించి చెబుతున్నట్టుంది. నోటితో చేసే పని మనసులో ఉండే గుణంగా మారిన క్రమాన్ని ఇక్కడ కళ్ళారా చూడవచ్చు.

4. దొంగత్రాసు, పొలిమేర, దోపుడుసొమ్ము:

11వ అధ్యాయం 2వ వచనం గర్వం వెంట అవమానం వస్తుందంటుంది. వినయాన్ని బోధించే వ్యాసాల్లో ఇది తప్పక కనిపిస్తుంది. దానికి ముందున్న 1వ వచనం మాత్రం కనిపించదు. అది దొంగత్రాసు గురించినది. 3వ వచనం యథార్థవంతుల గురించి, 4వది ఉగ్రత దినాన అక్కరకు రాని ఆస్తి గురించి. త్రాసు, గర్వం, తిన్నని నడత, ఆస్తి ఈ వరుసలో ఉన్నాయి. ఇది యాదృచ్ఛికమని తోసిపుచ్చవచ్చు. కాని 16వ అధ్యాయంలోనూ ఇదే అమరిక. 8వ వచనం అన్యాయార్జితం కంటే నీతితో కూడిన కొంచెమే మేలంటుంది. 11వది న్యాయమైన త్రాసు, సంచిలోని గుండ్లు దేవుని ఏర్పాటంటుంది. 18వది గర్వం. 19వది మరింత తేటగా, గర్విష్ఠులతో దోపుడుసొమ్ము పంచుకోవడం కంటే దీనులతో కలిసి ఉండటం మేలంటుంది.

ఈ 19వ వచనాన్ని విడిచి 18వ వచనాన్ని ఉదాహరించడం వల్లనే గర్వం గుణంగా మిగిలిపోయింది. రెండూ కలిపి చదివితే గర్విష్ఠుడు ఎవరో తెలుస్తుంది. పంచుకోవడానికి దోపుడుసొమ్ము ఉన్నవాడు. 15:25లో అదే 'గేయీమ్' అన్న పదంతో గర్విష్ఠులు మళ్ళీ వస్తారు. దేవుడు వారి ఇంటిని పెరికివేస్తాడు, విధవరాలి పొలిమేరను నిలబెడతాడు. రెండు పాదాల మధ్య సంబంధం చెప్పకనే చెప్పినట్టుంది. ఆ ఇల్లు జరిగింది ఆ పొలంలోకే. తెలుగులో పొలిమేర అంటే నేడు ఊరి సరిహద్దు స్ఫురిస్తుంది. రైతు మాటల్లో ఇది గట్టు, హద్దురాయి. గట్టు జరపడం అంటే ఏమిటో తెలుగు పల్లెలో ఎవరికీ వివరించనక్కర లేదు. విధవరాలి పొలం హద్దును ఆక్రమించవద్దని, త్రాసును, గుండ్లను తారుమారు చేయవద్దని అమెనెమోపే బోధలోనూ ఉంది. అంటే ఇది ఆ ప్రాంతపు నీతి వాఙ్మయం అంతటికీ తెలిసిన నేరం. సామెతల గ్రంథం చేసిన పని ఆ నేరానికి గర్వమని పేరు పెట్టడం.

అగూరు మాటల్లో ఈ సంబంధం మరీ స్పష్టం. 30:13లో కళ్ళు నెత్తికెక్కిన తరం వస్తుంది. వెంటనే 14వ వచనంలో పళ్ళు కత్తులై పేదలను మింగే తరం వస్తుంది. పైకి చూసే కళ్ళు, కింద నమిలే పళ్ళు, ఒకే ముఖం.

ఈ కోణంలో భర్తృహరిని మళ్ళీ చూడాలి. ఏనుగు లక్ష్మణకవి అనువాదం ద్వారా మనకు బాగా పరిచయమైన ఒక సుభాషితంలో, కొంచెం తెలిసినప్పుడు మదించిన మనిషి పండితుల సాంగత్యంతో తన అజ్ఞానం గ్రహించి గర్వం విడుస్తాడు. అక్కడ గర్వానికి కొలబద్ద జ్ఞానం. దాన్ని దించేది పండితుడు. సామెతల గ్రంథంలోనూ తన కంటికి తానే జ్ఞాని అయినవాడు ఉన్నాడు (26:12). కాని 28:11లో అతడు ధనవంతుడు. అతణ్ణి పరీక్షించి లోతు కనిపెట్టేవాడు వివేకం గల పేదవాడు. రెండు సంప్రదాయాల మధ్య అసలు భేదం ఇక్కడ ఉంది. పైగా భర్తృహరిలో మానశౌర్యపద్ధతి కూడా ఉంది. మానం అక్కడ గుణం. గర్వం, మానం, అభిమానం అన్న తేడాలు మన భాషలో ఎంత నిశితంగా ఉన్నాయో చూడకుండా 'భావసామ్యం' అనడం భర్తృహరికీ అన్యాయమే.

5. వినయం ఎవరికి?

తెలుగు వాడుకలో 'పొగరు', 'ఒళ్ళు కొవ్వెక్కింది' అన్న మాటలు ఎక్కువగా ఎవరు ఎవరిని అంటారు? కూలి పెంచమన్నవాణ్ణి ఆసామి అంటాడు. లేచి నిలబడని కుర్రవాణ్ణి పెద్దింటివారు అంటారు. మాట పై నుంచి కిందికి పడుతుంది. పైన చూపిన వాక్యాల్లో గర్వం అన్న అభియోగం కింది నుంచి పైకి వెళుతుంది. తెలుగు నేలపై ఈ గ్రంథాన్ని తమదిగా చదువుకున్నవారిలో దళితులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. వారికి ఇందులోంచి వినయం ఒక్కటే ఏరి చెప్పడం అంటే, మాట దిశను తిరిగి మొదటిదానికే మార్చడం.

అయితే ఇంతటితో ఈ గ్రంథాన్ని పేదల పక్షాన నిలిపి చేతులు దులుపుకోవడం కూడా ఏరుకోవడమే అవుతుంది. 10:4 పేదరికానికి సోమరితనమే కారణమంటుంది. 25:6-7 రాజు ఎదుట ముందు వరుసకు పోవద్దని, పైకి రమ్మని పిలిపించుకోవడమే మేలని చెబుతుంది. ఇది నీతి కన్నా కొలువులో మెలగవలసిన ఒడుపు. అన్నిటికన్నా ఇబ్బందికరమైనది అగూరు అధ్యాయంలోనే ఉంది. పేదలను మింగే పళ్ళను చూపిన కలమే 30:21-23లో భూమి భరించలేనివాటిని లెక్కిస్తూ, రాజైన దాసుణ్ణి, యజమానురాలి స్థానానికి వచ్చిన దాసిని వాటిలో చేర్చింది. సుమతీ శతకంలో బంగారు సింహాసనంపై కుక్కను కూర్చోబెట్టే పద్యం అందరికీ తెలిసినదే. రెండు సంప్రదాయాల మధ్య నిజమైన భావసామ్యం కావాలంటే అది ఇక్కడ ఉంది. మన పోలికల పట్టికల్లో ఈ జంట మాత్రం ఇంతవరకు ఈ వ్యాసకర్త కంటపడలేదు. తాను పేర్చిన పన్నెండింటిలోనూ లేదు.