జమిడిక పుట్టుకను వెదికిన పుస్తకానికి నాలుగు మాటలు

ఈ రాతప్రతిని తెచ్చి నా చేతిలో పెట్టిన పిల్లగాడు మా రేగొండవాడే. వాద్యాల పుట్టుక మీద పుస్తకమంటే నాకు మొదటినుంచీ జంకు. శివుని డమరుకంతో మొదలుపెట్టి నాలుగు శ్లోకాలతో చేతులు దులుపుకునేవే ఎక్కువ. ఇతడు ముందు ఎల్లమ్మ కథలు చెప్పే బైండ్లాయన చంకలోని జమిడిక ఎట్ల పలుకుతుందో చెప్పి, ఆ తర్వాతే ఎప్పుడు పుట్టిందని అడిగాడు. ఆ వరుస నాకు నచ్చింది.

గొట్టం లాంటి ఒళ్లు, ఒకవైపు మేకతోలు. తోలు నడుమ చిన్న బెజ్జం, అందులోంచి పోయే నరం. నరం రెండో కొస చేతి పట్టులో ఉంటుంది. డప్పును కొడతాం, డోలును కొడతాం. దీన్ని మాత్రం మీటుతాం. నరం బిగిస్తే గొంతు లేస్తుంది, వదిలితే దిగుతుంది. ఇది తోలువాద్యమా, తంత్రీవాద్యమా అని పండితులు ఇంకా తగవు పడుతూనే ఉన్నారు, పడనీండి. కథకుడు అడిగినదానికి ఊకొట్టడం, ఎల్లమ్మ ఏడిస్తే తానూ ఏడవడం దాని పని. తెల్లవార్లూ కథ నడపాలంటే ఇంకో గొంతు తోడుండాలి కదా! ఆ అవసరమే జమిడికను పుట్టించిందన్నది రచయిత వాదన. నాకూ అదే సబబనిపిస్తుంది.

తల్లి ఎల్లమ్మ ఉగ్రం చల్లార్చడానికి పరశురాముడు వాయించిందే తొలి జమిడిక అని కథకులు చెప్పుకుంటారు. రచయిత దాన్ని చరిత్ర అనలేదు, కట్టుకథ అని తోసేయనూ లేదు. తల్లి తల నరికిన కొడుకు, ఆమె ముందు నోరు పెగలక వాద్యం పట్టాడని నేను అర్థం చేసుకుంటాను.

పుస్తకాల్లో వెతికితే దొరికే జాడ మనకు దగ్గరిదే. వినుకొండ వల్లభరాయుని క్రీడాభిరామంలో మంచనశర్మ, టిట్టిభసెట్టి ఓరుగల్లు వీధుల్లో తిరుగుతుంటారు. ఏకవీరాదేవి ఎదుట ఒక బవనీడు వాద్యం పట్టుకుని పరశురాముని కథ పాడే ఘట్టం అందులో ఉంది. ఆ బవనీలే నేటి బైండ్లవారని మన రచయిత తేల్చేశాడు. అక్కడ నేను కొంచెం ఆగుతాను. కథ అదే, దేవత అదే. మనుషులూ వాళ్లేనని చెప్పడానికి ఇంకొంత ఆధారం కావాలి.

సవదత్తి ఎల్లమ్మ గుడి దగ్గర కన్నడ జోగతులు వాయించే చౌడికెను, మహారాష్ట్ర గోంధళీల చౌండకాన్ని, శ్రీకాకుళం వైపు జముకును ఒకచోట చేర్చిన అధ్యాయం ఈ పుస్తకానికి ప్రాణం. బెంగాల్ బౌల్ గాయకుల ఖమక్ కూడా ఇదే కుదురుది. అక్కడ మాత్రం ఎల్లమ్మ లేదు. అంటే నరం లాగి తోలును పలికించే ఉపాయం ఒక్క దేవత సొత్తు కాదన్నమాట. ఈ చిక్కును రచయిత దాచిపెట్టలేదు, శెబాష్.

మన రేగొండ మండలంలోనే పాండవుల గుట్టలున్నాయి. రాతి మీది రంగుబొమ్మల్లో ఏదో ఒక గీతను చూపించి, ఇదిగో జమిడిక అనేస్తే వాద్యం వయసు వేల ఏళ్లు పెరిగేది. సన్మానాలు కూడా పెరిగేవేమో! రచయిత ఆ పని చేయలేదు. ఓరుగల్లు దగ్గరి దేవనూరులో పుట్టిన బిరుదురాజు రామరాజు గారు 1950ల్లో జానపద గేయాల మీద పరిశోధన చేసి చూపిన నిక్కచ్చితనం ఇదే.

ఒక్క లోటు చెప్పాలి. గౌడులు ఎల్లమ్మ పండుగ చేసినప్పుడు రంగుల ముగ్గుతో పట్నం వేయడం దగ్గర్నుంచి బలిగా గావు పట్టేదాకా జమిడిక ఎక్కడ మోగుతుంది, ఎక్కడ ఆగుతుంది అన్నది రెండు పేజీల్లో తేల్చేశాడు. దానికి యాభై పేజీలైనా కావాలి. రెండో ముద్రణకు ముందు ఒక పండుగంతా కూర్చుని, కథకుని మాటను ఒక వరుసలో, జమిడిక బదులును దాని కింది వరుసలో రాసుకురమ్మని చెప్పాను. సరే తాతా అన్నాడు.