విరిగిన పాల వైభవం

కేక్ అనగానే మనకు మెదిలేది ఉబ్బిన స్పాంజి, దాని మీద క్రీము. ఇంగ్లండులో ‘మెయిడ్స్ ఆఫ్ ఆనర్’ని చూస్తే, దీన్ని కేకని ఎవరన్నారు అనిపిస్తుంది. అరచేతిలో ఇమిడే చిన్న పిండి గిన్నె, అందులో విరిగిన పాల ముద్ద. అంతే.

పేరుకు అర్థం రాణిగారి చెలికత్తెలు. రిచ్‌మండ్ కోటలో వాళ్లు తింటుంటే ఎనిమిదో హెన్రీ రుచి చూసి మురిసిపోయి, తయారీ విధానాన్ని ఇనుప పెట్టెలో దాయించాడని కథ. రాజుగారి నోరు తగిలితే తప్ప తినుబండారానికి పరువు రాదు కాబోలు! నాకైతే ఆ పెట్టెకన్నా పిండి బల్ల దగ్గర జరిగేదే ముచ్చట.

బేకింగ్ పౌడరును ఆల్ఫ్రెడ్ బర్డ్ కనిపెట్టింది 1843లో. ఈ పిండికి దానితో పనే లేదు. చల్లటి వెన్న పలకను పిండిలో చుట్టి, అప్పడాల కర్రతో సాగదీసి, మూడు మడతలు వేస్తారు. ఆరుసార్లు అలా చేస్తే వెన్న పొరలు 729 అవుతాయి. మధ్యమధ్య పిండిని చల్లబరచకపోతే వెన్న కరిగి పొరలన్నీ ఏకమైపోతాయి. పొయ్యి వేడికి వెన్నలోని నీరు ఆవిరై పొరల్ని పైకెత్తుతుంది. చేయి తిరగడమంటే ఇక్కడ తెలుస్తుంది.

లోపలి ముద్ద మరో పరీక్ష. పాల విరుగుడును బాగా వడకట్టి గుడ్డు, పంచదార, బాదం పొడి, నిమ్మతొక్క తురుము, కాస్త జాజికాయ కలుపుతారు. తడి మిగిలితే గిన్నె అడుగు మెత్తబడుతుంది. మరీ ఆరిపోతే ముద్ద పొడిపొడిగా రాలుతుంది. తీపి తక్కువ, చిరుపులుపు ఎక్కువ. అందుకే రెండోది తినాలనిపిస్తుంది.

దీనికి పేరుపడ్డ చోటు లండన్‌లోని క్యూ రోడ్డు, క్యూ గార్డెన్స్‌కు ఎదురుగా. న్యూవెన్స్ కుటుంబం 19వ శతాబ్దం నుంచి తరతరాలుగా ఇక్కడ టీ దుకాణం నడిపింది. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబు పడి పాత కట్టడం పోయింది. 1940లలో మళ్లీ కట్టినప్పుడు ట్యూడర్ కాలపు ఇంటిలా తీర్చారు. గోడల వయసు వేషమే. పిండి మడతల పద్ధతి మాత్రం నిజంగానే పాతది. వేడివేడిగా, టీతో తినాలి. చల్లారితే పొరల కరకర సగం పోతుంది.