కోనసీమ కత్తిపీట

కోనసీమ ఇళ్లలో కూర తరగడానికి తరతరాలుగా వాడుతున్నది కత్తిపీట. చెక్క పీటలో నిలబెట్టిన అలుగు కదలదు, కాయే అంచు మీదికి వస్తుంది. రెండు చేతులతో పట్టుకునే వీలుంటుంది కనుక గుమ్మడికాయ లాంటివి కూడా జారవు. అలుగు కొసన పళ్లున్న బిళ్ల ఉంటే కొబ్బరీ అక్కడే కోరుకోవచ్చు. రోజూ కొబ్బరి పడే వంటలకు ఇది చిన్న సదుపాయం కాదు.

కొనేటప్పుడు ముందు చూడాల్సింది ఇనుము. స్టెయిన్‌లెస్ స్టీలులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది కనుక సులువుగా తుప్పు పట్టదు. కానీ అందులో చౌకరకం అలుగులు మెత్తన, పదును తొందరగా పోతుంది. పాత లారీ కమాను పట్టీని కమ్మరి కొలిమిలో సాగగొట్టి చేసిన అలుగులో సాధారణంగా అర శాతానికి పైగా కర్బనం ఉంటుంది. దాన్ని ఎర్రగా కాల్చి, చల్లార్చి, మళ్లీ కాస్త వేడి చూపిస్తే గట్టిదనం నిలిచి పెళుసుదనం తగ్గుతుంది. శ్రద్ధగా వాడుకునే ఇంటికి ఇదే మేలు. నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రంలో తయారైన ఉక్కును ఒకప్పుడు పర్షియా వర్తకులు వెతుక్కుంటూ వచ్చి కొనుక్కుపోయేవారు. తెలుగునాట కొలిమి పనికి అంతటి పేరుంది. అలుగుతో పాటు అది పీటలో దిగిన చోటు కూడా చూసుకోవాలి. చేత్తో ఊపినప్పుడు ఏమాత్రం కదిలినా తీసుకోకూడదు.

పనసపొట్టుకు మాత్రం కత్తిపీట చాలదు, బరువైన కత్తి కావాలి. లేత కాయ చెక్కు తీసి, నిలువునా దగ్గర దగ్గరగా గాట్లు పెడుతూ సన్నగా కొట్టాలి. పనస పాలు నీళ్లకు వదలవు. అందుకే ముందుగానే చేతులకూ కత్తికీ నూనె రాసుకుంటారు, పని కాగానే కత్తిని మళ్లీ నూనెగుడ్డతోనే తుడుస్తారు. చేపలకు వేరే కత్తిపీట ఉంచుకోవడం మంచిది. ముళ్ల మీద పడిన అంచు ఆకుకూరకు పనికిరాదు.

మామిడికాయ, చింతకాయ, నిమ్మకాయల పులుపు ఇనుమును తింటుంది. వాటిని కోసిన వెంటనే అలుగు కడిగి పొడిగుడ్డతో తుడవాలి. సముద్రానికి దగ్గరున్న మలికిపురం లాంటి ఊళ్లలో ఉప్పుగాలి, వానాకాలం చెమ్మ కలిస్తే ఒక్క రాత్రికే ఎర్రమచ్చలు కనిపించవచ్చు. ఆరిన అలుగుకు పలుచగా రాసిన కొబ్బరినూనె చెమ్మను ఆపుతుంది. వాడగా వాడగా వచ్చే నల్లని పొరను తోమెయ్యనక్కర్లేదు, అది తుప్పు కాదు.

పదును తగ్గితే సానరాయిని తడిపి, అంచుకు రెండు వైపులా ఒకే వాలులో, 15 నుంచి 20 డిగ్రీల మధ్య, నెమ్మదిగా రుద్దాలి. టమాటా తొక్క నొక్కకుండానే తెగితే చాలు. వేగంగా తిరిగే మిషన్ సాన మీద అంచు నీలం రంగుకు తిరిగిందంటే వేడి ఎక్కువై ఉక్కు మెత్తబడినట్టే, అక్కడ ఇక పదును నిలవదు. అలాంటి అలుగును కొలిమికే తిరిగి పంపాలి. పని లేనప్పుడు కత్తిపీటను పక్కకు వాల్చి, అంచు గోడవైపు ఉండేలా, పిల్లలకు అందని చోట పెట్టాలి.