సీటు నొక్కి చూసే విద్య

కొత్తగూడెంలో నేను వెళ్లే మెకానిక్ షెడ్డులో ఒక తంతు ఉంది. బండికి స్టాండు వేసేలోపే అతను వెనక్కి వచ్చి, సీటు తోక మీద రెండు చేతులూ ఆనించి, ఒంటి బరువంతా వేసి ఒక్కసారి నొక్కి వదులుతాడు. బండి దిగి, లేచి, అక్కడే నిలిస్తే ఇంకేం మాట్లాడడు. లేచి మళ్లీ దిగి, ఇంకోసారి లేచిందంటే, "అన్నా, లోపల నూనె అయిపోయింది, ఇక మిగిలింది ఉయ్యాలే" అంటాడు. ఈ నొక్కుడుకి డబ్బులు తీసుకోడు.

ఈ విద్య ఇక్కడ పుట్టడానికి కారణం మా రోడ్డే. ఖమ్మం నుంచి భద్రాచలం ఇంచుమించు 120 కిలోమీటర్లు. కొత్తగూడెం నుంచి 30వ నంబరు జాతీయ రహదారి పాల్వంచ మీదుగా అడవి అంచునే సాగి, సారపాక దగ్గర గోదావరి దాటుతుంది. అవతల భద్రాచలం, ఇంకా ముందుకు పోతే చింతూరు. అక్కడి నుంచి ఒక దారి కొంట మీదుగా బస్తరుకు, ఇంకొకటి మారేడుమిల్లి ఘాట్‌కు పోతాయి. చెట్ల మధ్య తిరగాలని హైదరాబాదు నుంచి, విజయవాడ నుంచి వచ్చే బైకులకు ఇది ఇష్టమైన దారి. రోజూ తిరిగేవి మాత్రం బొగ్గు లారీలు, ఇసుక లారీలు. అవి తొక్కిన చోట తారు అలలు అలలుగా లేస్తుంది. ఊరు రాబోతుంటే వరసగా మూడు స్పీడ్ బ్రేకర్లు. వానాకాలంలో గుంత ఎంత లోతో నీళ్లు దాచేస్తాయి.

షాకబ్జర్ అంటే స్ప్రింగు అనుకుంటారు చాలామంది. స్ప్రింగు కుదుపును మింగి దాచుకుంటుందే తప్ప అరిగించుకోలేదు. మింగినదంతా తిరిగి కక్కేస్తుంది. లారీ కింద కమాన్ పట్టీలు ఒకదానితో ఒకటి రాసుకుని ఆ ఊపును కొంతైనా తినేస్తాయి. బైకు స్ప్రింగులో అలా రాసుకునేదేమీ లేదు. అందుకే దాని నడుమ ఒక గొట్టం, అందులో నూనె, నూనెలో కదిలే పిస్టను, పిస్టనుకు సన్నని దారులు. నూనె ఆ దారుల్లోంచి కష్టపడి దూరేటప్పుడు ఊపు వేడిగా మారిపోతుంది. షాకబ్జర్ చేసే పని ఇంతే, కుదుపును వేడి చేసి గాలికి వదిలేయడం.

ఈ ముక్క తెలిసినవాడికి ఒక చిట్కా అందుతుంది. పాతిక కిలోమీటర్లు గతుకుల్లో నడిపి ఆపగానే రెండు షాకుల గొట్టాల మీదా చెయ్యి పెట్టి చూడండి. ఒకటి వెచ్చగా, ఇంకొకటి చల్లగా ఉంటే, చల్లగా ఉన్నదే చచ్చిపోయింది. సైలెన్సర్ వైపు చెయ్యి జాగ్రత్త.

వెనక చక్రానికి ఈ సుఖం మొదటి నుంచీ లేదు. చాలా బళ్లకు చక్రం నేరుగా ఫ్రేముకే బిగించి ఉండేది. నడుముకు సీటు కింది స్ప్రింగులే దిక్కు. 1948లో ఇంగ్లండులో రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్లు స్వింగ్ ఆర్మ్, దానికి నూనె షాకులు పెట్టిన బుల్లెట్‌ను ట్రయల్స్ పోటీల్లోకి దింపారు. 1950ల మధ్య నుంచి మద్రాసులో తయారై మన ఊళ్లకు వచ్చింది ఆ వంశమే. 1970ల మొదట్లో లూసియెన్ టిల్కెన్స్ అనే బెల్జియం ఇంజనీరు రెండు షాకుల బదులు సీటు కింద ఒకే పొడుగు షాకు పెట్టే పద్ధతి తెచ్చాడు. యమహా దాన్ని కొని 1973లో 250 సీసీ మోటోక్రాస్ ప్రపంచ టైటిల్ గెలిచింది. ఇవాళ మనవాళ్లు గొప్పగా చెప్పుకునే మోనోషాక్ అదే.

నా బండి 2021కి ముందటి క్లాసిక్ 350. వెనక చక్రం ఆడే దూరం 80 మిల్లీమీటర్లే. నలభై వేల కిలోమీటర్లకు షాకుల రాడ్ల మీద నూనె జిడ్డు కనిపించింది. "నూనె ఊరికే కారదన్నా, బురద కడిగించుకోలేదు నువ్వు" అన్నాడు మెకానిక్. నిజమే. గోదావరి పొంగి తీసినప్పుడల్లా రోడ్డు మీద ఒండ్రు మిగులుతుంది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటినప్పుడైతే చెప్పనే అక్కర్లేదు. ఆ సన్నని మన్ను రాడ్డు మీద ఎండి, రాడ్డు లోపలికి వెళ్లిన ప్రతిసారీ రబ్బరు సీలును ఆకురాయిలా అరగదీస్తుంది.

ఉత్త నూనె షాకులను బాగుచేసే పద్ధతి ఒకటుంది. గొట్టం మూత లేత్ మీద కోసి, కొత్త సీలు వేసి, నూనె నింపి, మరలు వేసి బిగిస్తారు. పారేసేదాన్ని బతికించే ఈ పని మీద నాకు గౌరవమే. అయితే నైట్రోజన్ నింపిన గ్యాస్ షాకు జోలికి ఇలా పోకూడదు. లోపలి ఒత్తిడి తీయకుండా డ్రిల్లు పెడితే మనిషి ప్రాణం మీదికే వస్తుంది. అసలు ఆ గ్యాసు దేనికంటే, మామూలు షాకులో గాలీ నూనే కలిసి, అదేపనిగా గతుకులు తగిలితే మజ్జిగలా నురగ కడతాయి. నురగకు దారుల్లోంచి దూరడం తేలిక, కాబట్టి పట్టు పోతుంది. పైగా మే నెలలో కొత్తగూడెం ఎండ సంగతి తెలిసిందే, నూనె ముందే పలచబడి ఉంటుంది. గ్యాసు నూనెను నొక్కి ఉంచి నురగ కట్టనివ్వదు.

నేను బాగు చేయించలేదు. ఒక పెద్ద ఊళ్లో, పేరెందుకు, ఖరీదైన కొత్త జత వేయించుకున్నాను. "టూరింగుకి గట్టిది ఉండాలి సార్" అన్నాడు అమ్మినవాడు. తిరిగొస్తుంటే ప్రతి గుంతా నేరుగా వెన్నులోకి దిగింది. పాల్వంచ చేరేసరికి మా ఆవిడ దిగి నిలబడి, "మీరు నడపండి, నేను బస్సులో వస్తా" అంది.

మర్నాడు షెడ్డుకు వెళ్తే మెకానిక్ ముందు నొక్కాడు. బండి దిగనేలేదు. టేపు తెచ్చాడు. సెంటర్ స్టాండు మీద వెనక చక్రం గాల్లో ఉండగా యాక్సిల్ నట్టు నుంచి సీటు కింద గీసిన గుర్తు దాకా కొలిచాడు, 412 మిల్లీమీటర్లు. స్టాండు తీయించి నన్ను ఎక్కి కూర్చోమన్నాడు, 402. "వదిన కూడా వస్తదా ఎప్పుడూ?" అని అడిగి, అరవై కిలోల కుర్రాణ్ణి నా వెనక కూర్చోబెట్టాడు, 393. అంటే నేనొక్కణ్ణే కూర్చుంటే బండి దిగింది పది మిల్లీమీటర్లు. దిగాల్సింది ఆడే దూరంలో మూడో వంతుకు కాస్త అటూ ఇటూగా, మా బండికి పాతిక. అలా దిగితేనే గుంత వచ్చినప్పుడు చక్రం కిందికి చాచుకుని నేలను వదలకుండా ఉంటుంది. అసలే దిగని బండి గుంత అంచు నుంచి గాల్లోకి ఎగిరి కొట్టుకుంటుంది.

"మరి కింద రింగు తిప్పి మెత్త చేద్దామా?" అన్నాను. నవ్వాడు. అందరూ పడే బోల్తా ఇదే. స్ప్రింగు కింది గాడుల రింగు స్ప్రింగును మెత్తగానో గట్టిగానో చేయదు. స్ప్రింగు ఎక్కణ్ణుంచి పని మొదలుపెట్టాలో చెబుతుంది, అంతే. బండి ఎత్తు మారుతుంది, స్ప్రింగు స్వభావం మారదు. స్వభావం ముఖ్యంగా తీగ మందంలో ఉంది. ఎనిమిది మిల్లీమీటర్ల తీగకు బదులు తొమ్మిదిది వాడితే, చుట్లూ వెడల్పూ అవే ఉన్నా, గట్టిదనం 60 శాతం పెరుగుతుంది. చూపుకు తేడా ఏమీ కనబడదు, నడుముకు తెలుస్తుంది.

ఇంకో లోపం కూడా పట్టాడు. ఆ షాకు నూనె దారులు మరీ ఇరుకు. చక్రం పైకి వెళ్లాక కిందికి రావడానికి ఆలస్యం చేస్తోంది. "మొదటి బ్రేకర్ బాగానే దాటుతావు. చక్రం దిగేలోపే రెండోది వస్తది, మూడోదానికి షాకు నెత్తి మీదే కూర్చుంటది." నిజంగానే మూడోదే ఎప్పుడూ బాదేది. నేను బ్రేకర్ ఎత్తును తిట్టుకున్నాను.

షాకు మార్చదలచినవాళ్లకు నేను చెప్పేదీ ఇక్కడే ఉంది. బ్రాండు తర్వాత, ముందు బరువు రాసుకోండి. మీది, వెనక కూర్చునేవాళ్లది, పెట్టెలది. వెనక కూర్చునే మనిషి బరువు దాదాపు అంతా వెనక స్ప్రింగు మీదే పడుతుంది, అందుకే ఆ లెక్క తప్పితే అన్నీ తప్పుతాయి. పొడుగు కూడా పాతదెంతో కొత్తదీ అంతే ఉండాలి. ఎత్తు కోసం పొడుగు షాకు వేస్తే ముందు ఫోర్కు నిటారై హ్యాండిలు తత్తరపడుతుంది, సెంటర్ స్టాండు మీద చక్రం నేలకు తగులుతుంది.

చివరికి అదే కొలతకు, సన్న తీగ స్ప్రింగుతో, విప్పి సీలు మార్చుకునే వీలున్న గ్యాస్ జత తెప్పించాం. రెండో గాడిలో నేనొక్కణ్ణి కూర్చుంటే 24 మిల్లీమీటర్లు. ఇద్దరం కూర్చుని ఐదులో పెడితే 27. ఆ అంకెలను మెకానిక్ సైడ్ కవర్ లోపలి వైపు మార్కరుతో రాశాడు, "ఒక్కడివి 2, ఇద్దరు 5".

ఆ వారమే ఇద్దరం పర్ణశాల వెళ్లొచ్చాం. తిరుగు దారిలో ఆవిడను సారపాకలో వాళ్ల అక్క ఇంట్లో దింపి ఒక్కణ్ణే బయల్దేరాను. రోడ్డు మళ్లీ తన్నడం మొదలెట్టింది. ఇంకో జత దండగైందా అని గుండె జారింది. పాల్వంచ రాకముందే ఒక చింతచెట్టు కింద ఆపి, సైడ్ కవర్ విప్పి చూసి, టూల్ సంచిలోంచి సి స్పానర్ తీశాను. అటు మూడు గాడులు, ఇటు మూడు గాడులు.