వేరు బుడిపెలో ఉన్నదెవరు?

హైదరాబాద్‌లో అల్వాల్ దాటి శామీర్‌పేట, మేడ్చల్ వైపు వెళ్తే ఎర్ర చెలకల్లో టమాట, వంగ, బెండ తోటలు ఇంకా కనిపిస్తాయి. నీళ్లు పెట్టినా మధ్యాహ్నానికి వాలిపోయే మొక్కను చూసి ఎండదెబ్బ అనో, ఎరువు చాల్లేదనో అనుకుంటాం. తవ్వి, వేరు కడిగితే బుడిపెలు. పెసర, అలసంద వేళ్లకు ఉండే నత్రజని బుడిపెలు గోటితో గీరితే ఊడొస్తాయి. ఇవి ఊడవు. వేరు తానే ఉబ్బి ఇలా అయింది.

ఆ ఉబ్బును సూదితో చీల్చి మైక్రోస్కోప్ కింద పెట్టడం నాకు ఎంతో ఇష్టమైన పని. లోపల తెల్లగా, సన్నని మెడతో, చిన్న చెంబులా ఆడ నులిపురుగు ఉంటుంది. పొడవు అర మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ. నోట్లో బోలు సూది, దాని మొదట్లో మూడు గుబ్బలు, మెడలో రసం తోడే కండర గడ్డ. గుండె లేదు, రక్తనాళాలు లేవు. ఒంట్లో చాలా భాగం అండాశయాలే. పిల్లగా వేరుకొన దగ్గర దూరి, తలచుట్టూ ఉన్న కణాలను పెద్ద పెద్ద మేత కణాలుగా మార్చుకుని, ఇక అక్కడినుంచి కదలదు. పురీషనాళం దగ్గరి గ్రంథులు జిగురు కారుస్తాయి. ఆ జిగురులోనే వందల గుడ్లు. మన కూరగాయ తోటల్లో ఎక్కువగా దొరికే మెలాయిడోగైన్ ఇన్‌కాగ్నిటా అనే జాతికి సంతానం కోసం మగవాటితో పనిలేదు.

1855లో ఇంగ్లండ్‌లో బర్కిలీ అనే శాస్త్రవేత్త దోస వేళ్ల మీద ఈ బుడిపెల్ని గుర్తించాడు. 1901లో బార్బర్ దక్షిణ భారతంలో, దేవాల తేయాకు తోటలో చూశాడు. ఈ పురుగులన్నిటినీ చాలాకాలం ఒకే జాతి కింద కట్టేశారు. 1949లో చిట్‌వుడ్ వాటిని మెలాయిడోగైన్ ప్రజాతిగా వేరుచేసి, ఆడపురుగు వెనుక కొసన చర్మం మీది గీతల్ని బట్టి జాతులు విడదీశాడు. ఇన్‌కాగ్నిటాకు పైకి లేచిన, చతురస్రంలాంటి వంపు. అరినేరియాకు తక్కువ ఎత్తులో గుండ్రని వంపు. జవానికాకు రెండు పక్కలా స్పష్టమైన గీతలు.

ఆ గీతలు చూడాలంటే లాక్టిక్ ఆమ్లం చుక్కలో పురుగు వెనుక కొస కోసి, లోపలి కండ తుడిచి, గ్లిజరిన్‌లో పరవాలి. చెయ్యి వణికితే గీతలు పోతాయి. ఒక్క పురుగును చూసి పేరు చెప్పకూడదు, పదిని చూడాలి. అప్పటికీ అనుమానం తీరకపోతే డీఎన్ఏ పరీక్షే దారి.

ఇంత శ్రమ దేనికంటే, తర్వాతి పంట ఆ పేరు మీదే ఆధారపడుతుంది. ఇన్‌కాగ్నిటా వేరుశనగ మీద పెరగలేదు, కాబట్టి ఆ చేలో వేరుశనగ వేస్తే పురుగు తగ్గుతుంది. అరినేరియాలో ఒక తెగకు అదే వేరుశనగ విందు. కొన్ని టమాట రకాల్లోని ఎంఐ జన్యువు ఈ మూడు జాతులనూ ఆపుతుంది, కానీ నేల వేడి 28 డిగ్రీలు దాటితే దాని పట్టు సడలుతుంది. మన వేసవి సంగతి తెలిసిందే. అందుకే పంట అయిపోయాక మొక్కను పీకకండి, తవ్వండి. పీకితే బుడిపెలున్న సన్నవేళ్లు భూమిలోనే తెగి ఉండిపోతాయి. ఆ వేళ్లను తెలిసినవారికి చూపించి, పేరు తెలుసుకున్నాకే విత్తనం కొనండి.