‘లేదు’ అని ఎవరు చెప్పాలి?

చిరునామాలో ప్రశ్నార్థకాలు, ఐడీ నంబర్లు లేకుండా ‘/వంటలు/పులిహోర’ అని చదవగానే అర్థమయ్యేలా ఉంటే దాన్ని క్లీన్ యూఆర్‌ఎల్ అంటారు. నిజానికి సర్వర్‌లో వంటలు అనే ఫోల్డరూ ఉండదు, పులిహోర అనే ఫైలూ ఉండదు. ఆ వ్యాసం డేటాబేస్‌లో ఎక్కడో ఒక వరుస. లేని ఫైలు అడిగితే సర్వర్ 404 అనాలి. అనకుండా ఆ రిక్వెస్టును అప్లికేషన్‌కు అప్పజెప్పడమే ఫాల్‌బ్యాక్ రౌటింగ్.

అపాచీలో ఈ పనికి పాత కాపు మాడ్ రీరైట్. రాల్ఫ్ ఎంగెల్‌షల్ 1996లో రాశాడు. అడిగింది ఫైలు కాదు, ఫోల్డరూ కాదు అంటే ఇండెక్స్.పీహెచ్‌పీకి పంపు: వర్డ్‌ప్రెస్ నేటికీ రాసిపెట్టే నియమం ఇదే. ఎన్జిన్‌ఎక్స్‌లో ట్రై ఫైల్స్, అపాచీలోనే తర్వాత వచ్చిన ఫాల్‌బ్యాక్ రిసోర్స్ దీన్ని ఒక్క లైనులో తేల్చేస్తాయి. చిన్న సైటుకు అదే చాలు, రీరైట్ మంత్రాలు అక్కర్లేదు.

అసలు చిక్కు ఆ తర్వాతే మొదలవుతుంది. ఫాల్‌బ్యాక్ పెట్టాక సర్వర్ ఎవరినీ కాదనదు. ‘లేదు’ అని చెప్పే బాధ్యత ప్రోగ్రాం నెత్తిన పడుతుంది. చిరునామా చివరి ముక్క, అంటే స్లగ్, డేటాబేస్‌లో దొరక్కపోతే 404 స్టేటస్ ప్రోగ్రామే పంపాలి. చాలా సైట్లు తెరమీద ‘పేజీ దొరకలేదు’ అని చూపించి స్టేటస్ 200గానే వదిలేస్తాయి. గూగుల్ దీన్ని సాఫ్ట్ 404 అంటుంది. దొరకనివన్నీ హోంపేజీకి మళ్లించడం ఇంకో అలవాటు. అది మర్యాద కాదు, ఇంటి కోసం వచ్చినవాణ్ని ఊరి బస్టాండులో దింపేయడం. స్లగ్ మారిన వ్యాసానికైతే పాత చిరునామా నుంచి కొత్తదానికి 301 ఇవ్వాలి.

రియాక్ట్ తరహా అప్లికేషన్లలో ఏ చిరునామా కొట్టినా ఇండెక్స్.హెచ్‌టీఎంఎల్ వస్తుంది, మిగతాది బ్రౌజర్ చూసుకుంటుంది. ఆ ఫాల్‌బ్యాక్ లేకపోతే లింకు నొక్కితే తెరుచుకున్న పేజీ రిఫ్రెష్ చేయగానే మాయం. ఉంటే ఇంకో తంటా. కొత్త వెర్షన్ ఎక్కించాక, తెరిచి ఉన్న పాత పేజీ పాత జావాస్క్రిప్ట్ ఫైలు అడుగుతుంది. స్క్రిప్టుకు బదులు హెచ్‌టీఎంఎల్ వస్తుంది. కన్సోల్‌లో మొదటి కోణపు బ్రాకెట్ దగ్గరే సింటాక్స్ ఎర్రర్. అందుకే బొమ్మలు, స్క్రిప్టులు ఉండే ఫోల్డర్లను ఫాల్‌బ్యాక్ నుంచి మినహాయించాలి.

తెలుగు స్లగ్గులది వేరే కథ. యూటీఎఫ్-8లో ‘క’ 3 బైట్లు. యూఆర్‌ఎల్‌లో శాతం గుర్తులతో రాస్తే 9 క్యారెక్టర్లు. గుణింతమైనా, పొల్లయినా ఒక్కోటీ మరో 9. వర్డ్‌ప్రెస్ స్లగ్‌ను ఆ రూపంలోనే దాస్తుంది, పరిమితి 200. అంటే గుణింతాలు, పొల్లులతో కలిపి 22 గుర్తులకే శీర్షిక తెగిపోతుంది. పైగా కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్‌ను చేరుస్తాయి. పదం చివర అది ఉన్నా లేకున్నా చూపుకు ఒకటే, డేటాబేస్‌కు మాత్రం రెండు వేర్వేరు స్లగ్గులు. వెతికే ముందు చిరునామాను డీకోడ్ చేసి, చివర్లో మిగిలిన ఆ గుర్తును తీసేసి, అప్పుడు పోల్చాలి.